మూడో కన్నం

పన్నెండేళ్ళుగా తను చేయించలేని పనిని కొత్త మేనేజర్ నాలుగు రోజుల్లో చేయించాడు.

ఆ మంగళవారం మధ్యాహ్నం ఆమె భర్త స్నానం చేసి వచ్చాడు. తల తుడుచుకున్న తడి తువ్వాలుని ఎప్పటిలా కుర్చీ వీపు మీద పడెయ్యలేదు. పెరట్లోకి పట్టుకెళ్ళి, రెండు కొసలూ పట్టి దులిపి, తీగ మీద ఆరేశాడు. ఆరేసి ఊరుకున్నాడా! ఒక అడుగు వెనక్కి వేసి, అంచులు సమానంగా వచ్చాయో లేదో చూసుకుని, ఎడమ కొసని ఇంకాస్త కిందికి లాగాడు.

వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఆమె అదంతా చూసింది. ముచ్చటపడాల్సిన సంగతే. కానీ లోపల ఎక్కడో చీమ కుట్టినట్టయింది.

"ఒంట్లో బాగానే ఉందా మీకు?" అంది.

"సార్ చెప్పారోయ్. తన తువ్వాలు తను ఆరేసుకోలేనివాడు మైదానంలో తన చోటు తను కాచుకోలేడట. ఎంత బాగా చెప్పారో చూడు."

"చాలా బాగా చెప్పారు."

"నిజమే కదా మరి?"

"నిజమే. నేను చెప్పిన రోజుల్లో కూడా నిజమే."

అతను వినలేదు. తువ్వాలుకి పెట్టడానికి క్లిప్పుల కోసం వెతుకుతున్నాడు. ఆ ఇంట్లో క్లిప్పుల డబ్బా పన్నెండేళ్ళుగా కిటికీ అంచు మీదే ఉంటుందని అతనికి తెలీదు.

ముందుగదిలో మనవరాలి గౌనుకి గుండీ కుడుతున్న అత్తగారు పళ్ళతో దారం తెంపింది. "పెరటిచెట్టు మందుకి పనికిరాదమ్మాయ్," అంది కొడుక్కి వినపడేలా. "వీళ్ళ నాన్నా అంతే. నేనంటే నస, బయటివాడు అంటే వేదవాక్కు."

అతను ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టులో మైదానం నడుమ ఆడతాడు. ముప్పై మూడేళ్ళు. ఆటంతా అతని చుట్టూ తిరుగుతుందని జనం 'ఇరుసు' అని పేరు పెట్టారు. వరసగా ఆరు మ్యాచ్‌లు ఓడిపోయేసరికి జట్టువాళ్ళు పాత మేనేజర్‌ని సాగనంపి, పోయిన శుక్రవారం ఈ కొత్త మనిషిని తెచ్చారు. సన్నగా, పొడుగ్గా, మెడ దాకా గుండీలన్నీ పెట్టుకుని, ఎవరినీ కేకలెయ్యని మనిషట. కేకలెయ్యకపోగా గేటు దగ్గర బల్ల మీద ఒక పుస్తకం పెట్టించాడు. పొద్దున ఏడు దాటాక వచ్చినవాడికి తిట్లు లేవు, జరిమానా లేదు. ఎంత ఆలస్యమో, ఎందుకో తన చేత్తో ఆ పుస్తకంలో రాయాలి. సోమవారం పొద్దున అందరి ముందూ లేచి నిలబడి, రాసింది తనే చదవాలి. మొదటి సోమవారం గోల్‌కీపర్ లేచి, "ఏడు నిమిషాలు. కారణం, మేజోడు ఒకటి కనపడలేదు. చివరికి కాలికే ఉంది," అని చదివితే మేనేజర్ నవ్వలేదట. గోడ గడియారం వంక మాత్రం చూశాడట. గోల్‌కీపర్ వచ్చింది పన్నెండు నిమిషాలు ఆలస్యంగా.

"ఎవడూ ఉన్నదున్నట్టు రాయడోయ్, ఒకటో రెండో తగ్గించుకుంటాడు," అని భర్త నవ్వుతూ చెప్పాడు. "సార్‌కి అన్నీ తెలుసు. ఏమీ అనరు. అదే భయం."

ఇవన్నీ ఆమెకి బాగానే ఉండేవి, బూట్ల సంగతి లేకపోతే. ఇకనుంచి ఎవరి బూట్లూ గేటు దాటి ఇంటికి వెళ్ళకూడదు. ప్రాక్టీసు అయ్యాక కుళాయిల వరస దగ్గర బెంచీ మీద కూర్చుని, ఎవరి బూట్లు వాళ్ళే కడిగి, లేసులు విప్పి ఉతికి, ఆరాక మళ్ళీ ఎక్కించి, పేరున్న అరలో పెట్టుకోవాలి. మేనేజర్ కూడా వాళ్ళ పక్కనే కూర్చుని తన బూట్లు కడుక్కుంటాడట.

రెండు నుంచి మూడు దాకా బూట్ల వేళ. పన్నెండేళ్ళుగా ఆ గంటలో ఆమె ఇంకే పనీ పెట్టుకోలేదు. పెరట్లో కుళాయి పక్క బండ మీద కూర్చుని, ముందు ఎండిన మట్టిని చెక్కపుల్లతో గీకేది. లోపలి అట్టలు బయటికి తీసి నీడన పెట్టేది. తోలుని తడిబట్టతో, కుట్ల సందుల్ని పాత పళ్ళ బ్రష్‌తో తుడిచేది. పాత పేపర్లు ఉండలు చేసి లోపల కూరితే తడి లాగేసుకుంటుంది, ఆకారమూ చెడదు. ఎండలో పెట్టకూడదు, తోలు పెళుసెక్కుతుంది. ఈ సంగతులు ఆమెకి ఎవరూ చెప్పలేదు. మొదటి ఏడాది రెండు జతలు పాడుచేసుకుని తనే నేర్చుకుంది.

ఆ మంగళవారం కూడా రెండు కాగానే కాళ్ళు వాటంతటవే బండ దగ్గరికి వెళ్ళాయి. పళ్ళ బ్రష్ పొడిగా ఉంది. కాసేపు దాన్ని చేత్తో తిప్పి, చేసేదేం లేక బండనే తోమింది.

రాత్రి భోజనాల దగ్గర పాప వేళ్ళు మడుస్తూ కూర్చుంది. "నాన్నా, ఇవాళ నువ్వు 'సార్' అని పందొమ్మిదిసార్లు అన్నావ్."

"ఇరవై," అంది ఆమె. "పాలు పోస్తున్నప్పుడు ఒకటి నువ్వు వినలేదు."

అత్తగారు కోడలి మొహంలోకి చూసి, కొడుకు చెయ్యి కడుక్కోవడానికి లేచాక మెల్లిగా అంది. "ఆడది ఎవత్తైనా వచ్చినా ఇంత కుళ్ళుకునేదానివి కాదేమో అమ్మాయ్. మీసాలున్న సవతి వచ్చిపడింది నీకు."

"నాకేం కుళ్ళు అత్తయ్యా? బాగుపడితే మంచిదే."

"మరి ఆ గిన్నె ఏం పాపం చేసిందని అలా కొడుతున్నావ్?"

బుధవారం అతను కుంటుతూ వచ్చాడు. చెప్పులు విప్పడానికి గోడ పట్టుకున్నాడు.

"ఏమిటది?"

"ఏం లేదు. ఎడంకాలు పైన పొడుస్తోంది. సూది గుచ్చినట్టు."

స్టూలు జరిపి కూర్చోబెట్టి, ఆమె కింద కూర్చుని పాదాన్ని ఒళ్ళోకి తీసుకుంది. పాదం పైభాగాన, వేళ్ళకీ చీలమండకీ నడుమ, ఎర్రగా అడ్డగీత. దాని మధ్యలో శనగగింజంత గడ్డ. బొటనవేలు ఆనించగానే అతను కెవ్వుమన్నాడు.

"అక్కడే! నీకెలా తెలిసింది?"

ఎలా తెలీదు? నాలుగేళ్ళ కిందట అక్కడ ఎముక విరిగింది. అతుక్కుంది కానీ ఆ గింజ మిగిలిపోయింది. బూటు బిగిస్తే మూడో కన్నం నుంచి వచ్చే లేసు సరిగ్గా దాని మీదే పడేది. అప్పట్లో ఆమె బండ మీద కూర్చుని ఎన్నో రకాలుగా లేసు ఎక్కించి చూసి, చివరికి ఎడమ బూటుకి రెండు వైపులా మూడో కన్నాన్ని వదిలేసింది. రెండో కన్నం నుంచి లేసు అడ్డం తిరక్కుండా నిలువుగా నాలుగో కన్నానికి వెళ్ళిపోతుంది. గింజ మీద బరువుండదు. అప్పటినుంచీ నొప్పి మాయమైంది. పేరు మాత్రం డాక్టరు రాసిచ్చిన తైలానికి వచ్చింది. ఎడమ బూటుకి ఒక కన్నం ఎందుకు ఖాళీగా ఉందని అతను నాలుగేళ్ళలో అడగలేదు. అసలు చూడలేదు. ఆమె చెప్పలేదు. చెప్పడానికి అదేం పెద్ద విషయమని.

ఇప్పుడు అతనే లేసు విప్పి ఉతికాడు. అతనే ఎక్కించాడు, అన్ని కన్నాలకీ, బుద్ధిమంతుడిలా.

"ఆ బూటుకి లేసు..." అని ఆమె మొదలుపెట్టింది.

"సార్‌కి చెప్పాను," అన్నాడు అతను అదే క్షణంలో, కళ్ళు మూసుకుని గోడకి తల ఆన్చి. "ఇన్నాళ్ళ బద్ధకం బయటికి పోతుంటే నొప్పిగానే ఉంటుందన్నారు. నిజం చెప్పనా? ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ సరిగ్గా పట్టించుకోలేదోయ్. ఏం తింటున్నాను, ఎలా పడుకుంటున్నాను, బూటెలా ఉంది... అడిగినవాడు లేడు. ఇప్పటికి ఒక మనిషి దొరికాడు."

ఆమె చేతిలో పాదం బరువుగా ఉంది. మెల్లిగా దాన్ని స్టూలు మీద పెట్టింది.

"బూటుకి లేసు ఏంటన్నావ్?"

"ఏం లేదు. మీ సార్‌నే అడగండి."

వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు కాచింది. పొయ్యి ముందు నిలబడి తనకి తనే సర్దిచెప్పుకుంది. అతని అరలో రెండో జత ఉంది, మ్యాచ్‌లకి మాత్రమే తొడిగేది. పోయిన గురువారం, ఈ మేనేజర్ రాకముందు, దానికి లేసులు ఎక్కించింది తనే. ఆదివారం మ్యాచ్‌కి అతను తొడుక్కునేది దాన్నే. మూడో కన్నం ఖాళీగానే ఉంది. ఆదివారానికి నొప్పి దానంతటదే పోతుంది. ఈలోపు నాలుగు రోజులు కుంటితే ప్రాణం పోదు. ఆ సర్వజ్ఞుడికి కూడా తెలియనిది ఒకటుందని తెలియాలి కదా. ఎవరికి తెలియాలి, ఎలా తెలుస్తుంది అన్నది ఆమె ఆలోచించలేదు.

గురువారం గోల్‌కీపర్ భార్య ఫోన్ చేసింది.

"అక్కా, మా ఆయన రాత్రి కంచం కడిగాడు. భయమేసి ఒళ్ళు పట్టి చూశాను, జ్వరమేమోనని."

"మా ఇంట్లో తువ్వాలు."

"రేపు ఇంటివాళ్ళందరినీ రమ్మన్నాడట కదా ప్రాక్టీసు చూడ్డానికి. ఇంకో సంగతి విన్నావా? ఆదివారం మొదటి పదకొండుగురిలో ఎవరుంటారో వాళ్ళనే వచ్చే ఏడాదికీ ఉంచుతారట. మా ఆయనకి పోటీ లేదు కాబట్టి బతికిపోయాడు, ఉన్నదే ఒక్క గోల్‌కీపరు. మీ ఆయన చోటులో ఆ పిడుగుగాడు తయారుగా ఉన్నాడు. అయినా మీకేం భయం అక్కా, ఇరుసు లేకుండా బండి నడుస్తుందా?"

ఫోన్ పెట్టేశాక ఆమె చేతిలోని చిక్కుడుకాయ ఈనెలు తియ్యకుండానే రెండు ముక్కలు చేసింది.

శుక్రవారం ఆమె అందరికంటే ముందు వెళ్ళింది. మైదానం చుట్టూ ఉన్న ఇనప కమ్మీకి ఇవతల కుర్చీలు వేశారు. ప్రాక్టీసులో భర్త పరుగుని ఆమె కళ్ళు ఆర్పకుండా చూసింది. మిగతావాళ్ళకి తెలీదు కానీ ఎడమకాలు నేలని ముట్టీ ముట్టకుండా లేస్తోంది. పిడుగు అని పిలిచే కుర్రాడు రెండుసార్లు అతన్ని దాటిపోయాడు. మేనేజర్ గీత పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తూ, భర్త దగ్గర ఆగి భుజం మీద చెయ్యి వేసి ఏదో అన్నాడు. దానికి అతను తలూపిన తీరు చూసి ఆమెకి ఒళ్ళు మండింది. తను చెప్పేటప్పుడు ఆ తల ఎప్పుడూ పేపర్లోనే ఉంటుంది.

ప్రాక్టీసు అయింది. ఇరవైమంది మగవాళ్ళు బెంచీ మీద వరసగా కూర్చుని బూట్లు కడుగుతుంటే కమ్మీ దగ్గర ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. "మా ఇంటి కుళాయికి కూడా ఈయన్ని మేనేజర్‌గా పెట్టండి బాబూ," అని ఎవరో అంటే గొల్లున నవ్వారు. ఆమె నవ్వలేదు. బ్రష్‌ల కుచ్చు మరీ గట్టిదని చూసింది. తోలుకి గీతలు పడతాయి. భర్త మడమ నుంచి ముందుకి రుద్దుతున్నాడు. మట్టంతా కుట్లలోకి పోతోంది.

మేనేజర్ అరల దగ్గరికి వెళ్ళి, ఆదివారానికి సిద్ధంగా ఉన్న జతల్ని ఒక్కొక్కటే తీసి చూడటం మొదలుపెట్టాడు. అడుగు చూస్తాడు, కుట్టు చూస్తాడు, మళ్ళీ పెడతాడు. ఇరుసు అరలోంచి తీసిన బూటు మాత్రం వెంటనే పెట్టలేదు. ఆమె కుర్చీలోంచి లేచింది. అంత శుభ్రమైన బూటు ఆ అరలన్నింట్లో ఇంకోటి లేదు. అది తన చేతిది.

మేనేజర్ బూటుని అందరికీ కనపడేలా పైకెత్తాడు.

"బయటికి ఎంత బాగుందో చూడండి," అన్నాడు. గొంతు పెంచకపోయినా కమ్మీ దాకా వినపడింది. "ఇప్పుడు లేసు చూడండి. రెండు వైపులా ఒక కన్నం తప్పిపోయింది. తొందరలో కట్టినవాడు చేసే పని. పైకి మెరుగు, లోపల అజాగ్రత్త. ఆరు మ్యాచ్‌లు మనం ఇలాగే ఓడాం." ఇరుసు వైపు తిరిగి, "మీలాంటివారి దగ్గర ఇది ఊహించలేదు," అన్నాడు.

భర్త లేచి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. "తప్పయింది సార్," అన్నాడు.

అక్కడే, ఆ తడి చేతులతోనే, లేసు విప్పి మూడో కన్నంలోంచి దూర్చి బిగించాడు. మేనేజర్ తలూపాడు. ముప్పై అడుగుల దూరంలో ఆమె కమ్మీ ఇనుము పట్టుకుని నిలబడింది. గోల్‌కీపర్ భార్య మోచేత్తో పొడిచి, "పర్వాలేదక్కా, మగాళ్ళకి అంత ఓపికెక్కడిది," అని ఓదార్చింది.

అది అజాగ్రత్త కాదని అరవాలనిపించింది. అరిస్తే, ఇన్నాళ్ళూ అతని బూట్లు కడిగింది భార్య అని ఇరవైమందికీ తెలుస్తుంది. బుధవారమే ఎందుకు చెప్పలేదని అతను అడుగుతాడు. కమ్మీని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

శనివారం మేనేజర్ పరుగు పందెం పెట్టాడు. ఈల వేసి, మళ్ళీ ఈల వేసేలోపు మైదానం అటునుంచి ఇటు, పదిసార్లు. ఆరోసారికే ఇరుసు వెనకబడ్డాడు. ఎనిమిదోసారి ఈల మోగేసరికి ఇంకా గీతకి నాలుగు గజాలు ఇవతలే ఉన్నాడు. ఇదంతా అతను సాయంత్రం ఇంటికొచ్చి, కాలుని నీళ్ళ బక్కెట్లో పెట్టి కూర్చుని, బక్కెట్టుకే చెప్పాడు.

"నొప్పి అని చెప్పలేదా?"

"నొప్పి అందరికీ ఉంటుంది. పరిగెత్తినవాడు పరిగెత్తాడు. వయసైపోయిందోయ్. రేపు ఆ కుర్రాడే ఆడతాడు." బక్కెట్లో కాలు కదిపి, "నేనే వెళ్ళి చెప్తాను సార్‌కి. ఆయన తీసేసేదాకా ఎందుకు, మర్యాదగా నేనే తప్పుకుంటాను."

తడి తువ్వాలు భుజం మీద నుంచి తీసి, మడతపెట్టి, ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ మడత చూశాక ఆమె ఇక ఆగలేకపోయింది.

"మీ కాలికి ఏమీ కాలేదు," అంది. "ఎడమ బూటుకి మూడో కన్నం వదిలెయ్యండి. ఆ లేసే గడ్డ మీద పడుతోంది. నాలుగేళ్ళుగా నేను వదిలేస్తున్నాను. అది అజాగ్రత్త కాదు."

అతను తలెత్తి చూశాడు. అర్థమైనట్టే ఉంది. అంతలోనే మొహం మారిపోయింది.

"అందరి ముందూ తప్పన్నారు. తప్పయిందని నేనూ ఒప్పుకున్నాను. మళ్ళీ రేపు అదే తప్పు చేసి నిలబడనా? నా నొప్పికి వంక వెతుక్కున్నానంటారు."

"అననివ్వండి."

"నీకు తెలీదోయ్. అక్కడ నియమమంటే నియమం."

ఆమె ఎంత చెప్పినా వినలేదు. బుధవారం చెప్పి ఉంటే ఇంత మాట అక్కర్లేదు, అక్కడే లేచి లేసు మార్చుకునేవాడు. ఇప్పుడు తన మాటకీ అతని కాలికీ మధ్య ఒక మనిషి నిలబడ్డాడు. నిలబెట్టింది తనే.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి, అతను ఇంకా గడ్డం గీసుకుంటుండగానే, పాపని అత్తగారికి అప్పజెప్పింది.

"ఎక్కడికే?" అంది అత్తగారు.

"సవతి దగ్గరికి."

గేటు కాపలాదారు ఆపబోయి, మొహం చూసి ఆపలేదు. మేనేజర్ ఒక్కడే కుళాయిల దగ్గర బెంచీ మీద కూర్చుని, చొక్కా చేతులు పైకి మడిచి, తన బూట్లు కడుక్కుంటున్నాడు. దగ్గరనుంచి చూస్తే అనుకున్నంత వయసు లేదు. కళ్ళకింద నల్లగా ఉంది.

"కుటుంబాలు రావాల్సింది నాలుగింటికమ్మా," అన్నాడు.

"మ్యాచ్‌కి రాలేదు. నేను ఇరుసు భార్యని. ఆయన ఎడమ బూటు ఒకసారి ఇప్పించండి."

"ఇక్కడ ఎవరి బూట్లు వాళ్ళే ముట్టుకుంటారు."

"అయితే మీదివ్వండి."

ఆయన చేతిలోని తడి బూటు ఇచ్చేశాడు. ఆమె బెంచీ చివర కూర్చుని, ఒళ్ళో పెట్టుకుని, చకచకా లేసు సగం దాకా లాగేసింది. "మీకిక్కడ శనగగింజంత ఎముక పొడుచుకుని ఉందనుకోండి. మామూలుగా కడితే లేసు దాని మీదనుంచి ఇలా పోతుంది. మూడో కన్నం వదిలేస్తే ఇలా నిలువుగా పోతుంది. వేలు పెట్టి చూడండి. ఖాళీ ఉందా?"

ఆయన వేలు పెట్టి చూశాడు. ఉంది.

"శుక్రవారం మీరు ఎత్తి చూపించింది తప్పిపోయిన కన్నం కాదు. వదిలేసిన కన్నం. నాలుగేళ్ళుగా నేనే వదిలేస్తున్నాను. ఆయన బూట్లు కడిగింది నేనే. నిన్నటిదాకా ఆయనకి తెలీదు."

మేనేజర్ వేలు అక్కడే ఉంచి బూటు వంక చూశాడు. నీళ్ళు ఆయన మోకాలి మీద చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి.

"నేను కన్నం చూశాను. పాదం చూడలేదు," అన్నాడు. తర్వాత తలెత్తి, "మీకు ఎప్పుడు తెలిసింది, లేసు వల్లే నొప్పి అని?"

నిన్న అనొచ్చు. నాలిక చివరిదాకా వచ్చింది.

"బుధవారం."

ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టలేదు. కానీ లెక్కపెట్టినట్టే అనిపించింది ఆమెకి. ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే తేలికగా ఉండేది.

"పదింటికి జట్టు పేర్లు చదువుతాను," అన్నాడు. "నిన్నటి పరుగు ప్రకారం మొదటి పదకొండులో మీవారి పేరు లేదు. దాన్ని మార్చను. మారిస్తే పరిగెత్తినవాడికి అన్యాయం. కానీ శుక్రవారం అందరి ముందూ నేనన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకుంటాను. లేసు ఆయనే కట్టుకుంటారు. వచ్చే ఏడాది సంగతి ఒక్క పరుగుతో తేల్చను. సరేనా?"

బతిమాలదామని వచ్చింది. ఆ మాటల్లో బతిమాలడానికి చోటు లేదు. తను ఆ చోటులో ఉన్నా ఇంతకంటే కచ్చితంగా చెప్పలేననిపించింది. అలా అనిపించినందుకు ఒళ్ళు మళ్ళీ మండింది.

"ఆ గట్టి బ్రష్‌లు మార్పించండి. తోలు పాడవుతుంది," అని లేచి వచ్చేసింది.

గేటు దగ్గర బల్ల మీద పుస్తకం తెరిచే ఉంది. దారంతో కట్టిన పెన్ను. ఆమె దాటిపోయి, వెనక్కి వచ్చింది. పై వరసలు చూసింది. మూడు నిమిషాలు, సైకిల్ గాలి. అయిదు నిమిషాలు, నిద్ర. ఎవరి రాతా కుదురుగా లేదు. నిలబడే వంగి, కింద ఖాళీ గీత మీద రాసింది. ఇరుసు భార్య. నాలుగు రోజులు. కారణం... అక్కడ పెన్ను ఆగింది. తీరిక లేక, మరిచిపోయి, ఇంట్లో పని... ఒక్కొక్కటీ రాయడానికి బాగానే ఉంది. చివరికి ఒక్కటే మాట రాసి, సిరా ఆరేదాకా ఆగి, వచ్చేసింది.

మ్యాచ్ సగం దాటినా అతను బెంచీ మీదే కూర్చున్నాడు. పిడుగు బాగానే ఆడాడు. ఆమె చూడకుండా ఉండలేకపోయింది, బాగుందని ఒప్పుకోకుండానూ ఉండలేకపోయింది. ఇంకో అరగంట ఉందనగా మేనేజర్ చెయ్యి ఊపాడు. భర్త గీత దగ్గరికి వచ్చి, లోపలికి అడుగుపెట్టే ముందు ఎడంకాలిని నేలకేసి రెండుసార్లు తాటించాడు. కాలు తన మాట వింటుందన్నప్పుడే అతనలా చేస్తాడు. పక్కన కూర్చున్న అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుంది. గోల్ అతను కొట్టలేదు. ఎవరూ కొట్టలేదు. సున్నాకి సున్నా. అయినా ఆరు ఓటముల తర్వాత జనం గెలిచినట్టే అరిచారు.

ఆ సాయంత్రం అతను పెద్దగా మాట్లాడలేదు. "సార్ అందరి ముందూ తప్పు తనదన్నారు," అని మాత్రం చెప్పాడు. ఆమె పొద్దున ఎక్కడికి వెళ్ళిందో అడగలేదు. ఆమె చెప్పలేదు. రేపు సోమవారమన్న సంగతి మాత్రం ఆమె కంటిమీద కునుకు పడనివ్వలేదు.

సోమవారం రెండింటికి ఆమె బండ దగ్గర ఉండగా గేటు చప్పుడైంది. అతను పేపర్లో చుట్టిన పొట్లం ఒకటి చంకలో పెట్టుకుని పెరట్లోకే నేరుగా వచ్చాడు. పొట్లం బండ మీద పెట్టాడు. నిలబడ్డాడు.

"పుస్తకం చదివారు ఇవాళ," అన్నాడు.

ఆమె కుళాయి కట్టేసింది.

"రాసినవాళ్ళు ఇక్కడ లేరు, వాళ్ళ తరఫున ఎవరు చదువుతారని సార్ అడిగారు. నేనే లేచి చదివాను. ఇరుసు భార్య. నాలుగు రోజులు. కారణం, కుళ్ళు."

"నవ్వారా అందరూ?"

"ఎవరూ నవ్వలేదు. గోల్‌కీపర్ మాత్రం, మా ఆవిడైతే పేజీ చాలదు సార్ అన్నాడు. అప్పుడు నవ్వారు."

"మీ సార్?"

"ఈ పుస్తకంలో ఒక్క నిమిషం కూడా తగ్గించకుండా రాసింది ఈవిడొక్కరే అన్నారు."

ఆమెకి సంతోషం వేసింది. ఆ మనిషి మెచ్చుకుంటే సంతోషం వెయ్యడమేమిటని చిరాకూ వేసింది. చిరాకుని పట్టుకుని కూర్చుంది, సంతోషం మొహం మీదికి రాకుండా.

"కోపం రాలేదా మీకు?"

"వచ్చింది. చదువుతున్నంతసేపూ వచ్చింది. నాలుగు రోజులు చచ్చినట్టు కుంటాను." బండ అంచు మీద కూర్చున్నాడు. "కూర్చున్నాక ఆలోచించి, నేనూ లేచి వెళ్ళి రాశాను."

"ఇవాళ ఆలస్యంగా వెళ్ళలేదు కదా మీరు?"

"నాలుగేళ్ళు. కారణం, చూడలేదు."

పక్కింటి పెరట్లో ఎవరో బట్టలు బాదుతున్నారు. ఆమె ఆ చప్పుడు వింటూ కూర్చుంది. అతను పొట్లం విప్పాడు. ఎడమ బూటుకి మూడో కన్నం ఖాళీగా ఉంది. లేసు వంకరటింకరగా ఉన్నా, ఉండాల్సిన దారిలోనే ఉంది.

"ఒక్క జత, ఒక్క రోజుకి తీసుకెళ్తానని అడిగాను. నేర్చుకుని వచ్చి మిగతావాళ్ళకి చెప్పమన్నారు," అన్నాడు. "నువ్వు ముట్టుకోకు. కూర్చుని చెప్పు."

ఆమె బండ మీద ఇవతలికి జరిగి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. అతను పళ్ళ బ్రష్ తడిపి, నాలిక కొంచెం బయటపెట్టి, మడమ నుంచి ముందుకి రుద్దడం మొదలుపెట్టాడు. మట్టి కుట్లలోకి పోతోంది. ఆమె వేళ్ళు ఒకదానిలో ఒకటి బిగుసుకున్నాయి. ఎంతసేపు ఊరుకోగలదో అంతసేపూ ఊరుకుంది.

"అటు కాదండీ," అంది చివరికి, చెయ్యి చాపకుండా. "ముందు నుంచి మడమకి."